మన ఎండను తట్టుకునే ప్లేస్టేషన్ ఉందా?

వేసవి సెలవుల సంచికకు ‘ఏ గేమ్ కన్సోల్ కొనాలి’ అన్న ప్రశ్నతో మొదలైన కథనం ఇది. తిరుపతి, చిత్తూరు ఇళ్లకు వచ్చేసరికి ప్రశ్నే మారిపోయింది.

సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) పెట్టె తెరవగానే పిల్లల చేతులు కంట్రోలర్ మీదికి పోతాయి. అందులోనే మడతపెట్టి ఉన్న సేఫ్టీ గైడ్ జోలికి ఎవరూ పోరు. ఖాళీ పెట్టెతో పాటు అదీ అటకెక్కుతుంది. సన్నటి అక్షరాల ఆ కాగితంలో, కరెంటు లెక్కలు, కొలతలు, బరువు రాసిన చోటే ఒక వరుస ఉంది. వాడదగిన ఉష్ణోగ్రత: 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్.

అయిదుతో మనకు పని లేదు. గొడవంతా ఆ ముప్పై అయిదుతోనే. మే నెలలో తిరుపతిలో పగలు 40 దాటడం వార్త కూడా కాదు. పరీక్షలు ముగిసి, సెలవులిచ్చి, పిల్లోడు నాయన వెంటపడి కన్సోల్ కొనిపించుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

సోనీని ఒక్కదాన్నే అనడానికి లేదు. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో స్విచ్‌కు కంపెనీ చెప్పేదీ 5–35 డిగ్రీలే. వాల్వ్ వారి చేతి కన్సోల్ స్టీమ్ డెక్ కూడా పైన 35 దగ్గరే ఆగుతుంది. 2022 వేసవిలో జపాన్ ఎండలకు అల్లాడినప్పుడు నింటెండో అక్కడి వాళ్లకు ఈ హద్దునే గుర్తుచేసింది. అంత ఎండ మనకు ఏటా మామూలే.

35 దాటితే కన్సోల్ పేలిపోతుందని కాదు. లోపలి చిప్ వేడిని ఫ్యాన్ గది గాలితోనే బయటికి తోలాలి. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. మిట్టమధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చున్నా వేడిగాలే కొట్టినట్టుంటుంది దాని పరిస్థితి. ఫ్యాన్ రొద పెరుగుతుంది, మరీ మితిమీరితే ‘వేడెక్కింది, ఆపండి’ అని తెర మీద హెచ్చరిక వస్తుంది. పీఎస్5ను తయారుచేసినవాళ్లకు ఈ బాధ తెలియక కాదు. 2020లో వచ్చిన మొదటి మోడల్‌లో 120 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్యాన్ పెట్టారు. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య మామూలు పేస్టుకు బదులు ద్రవలోహం వాడారు. దుమ్ము చేరడానికి ప్రత్యేకంగా రెండు గుంతలు కట్టారు. పక్క పలకలు ఊడదీసి, ఆ రంధ్రాల దగ్గర వాక్యూమ్ క్లీనర్ పెడితే దుమ్ము వచ్చేస్తుంది. రోడ్డు పక్క ఇళ్లవాళ్లు ఈ పని మరవకూడదు.

ఇంత కష్టపడి చేసిన యంత్రాన్ని మనం పెట్టేదెక్కడ? టీవీ షోకేసులో, అద్దం తలుపు వెనక. తర్వాతి సన్న మోడల్ పీఎస్5 స్లిమ్ పొడవు 358 మిల్లీమీటర్లు, లోతు 216. అరలో పడుతుంది, తలుపు కూడా మూసుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, గాలే ఆడదు. పైగా మిద్దె మీద గదైతే స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి పొద్దుపోయేదాకా కక్కుతూనే ఉంటుంది. షోకేసు మీద, నాలుగు వైపులా జానెడు ఖాళీ వదిలి పెట్టడమే మందు. కూలర్ తడిగాలి దాని మీదికి తిప్పకండి.

ఏసీ ఉంటే చిక్కే లేదు. లెక్క మాత్రం చూసుకోవాలి. పెద్ద గేమ్ ఆడేటప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు తాగుతుంది, అంటే అయిదు గంటలకు ఒక యూనిట్. టన్నున్నర ఏసీ ఆ యూనిట్‌ను గంటకే లాగేస్తుంది. బిల్లులో గేమ్ వాటా చిన్నది, గేమ్ కోసం గదిని చల్లబరిచిన వాటానే పెద్దది. హార్స్‌లీ హిల్స్ మీద ఇల్లున్నవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు.

ఇక మన ఇళ్లలో గేమ్ పెట్టెల చరిత్ర, గబగబా. తొంభైల్లో సమురాయ్, మీడియా పేర్లతో వచ్చిన నకలు పెట్టెలు, పసుపు రంగు క్యాసెట్లు, మారియో, కాంట్రా. తర్వాత 2000లో పుట్టిన పీఎస్2 ప్రపంచమంతటా 16 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని కోసం 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. దేవుణ్ని కంట్రోలర్‌తో ఆడించడమేంటని అభ్యంతరాలు లేచాయి. 2021లో టీటీడీ హనుమంతుడి జన్మస్థలం తిరుమల అంజనాద్రేనని ప్రకటించింది. ఆ లెక్కన అది మన ఊరి కుర్రాడి గేమే.

షాపులో పిల్లల ప్రశ్న ఒకటే: ‘అన్నా, జీటీఏ ఆడుతుందా?’ పెద్దలు అడగాల్సింది వేరే ఉంది. డిస్కు పడుతుందా? 2024 ఏప్రిల్‌లో పీఎస్5 స్లిమ్ మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ 54,990 రూపాయలు, డిజిటల్ 44,990. ధర తక్కువని డిజిటల్ తెచ్చుకుంటే, డిస్కు డ్రైవ్ విడిగా తగిలించుకోకపోతే ప్రతి గేమూ ఆన్‌లైన్‌లోనే కొనాలి. సోనీ సొంత కొత్త గేమ్ ఒక్కోటి 4,999 దాకా ఉంటుంది. డిస్కయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ రెండు కిలోల లోపు బుల్లి పెట్టె, కరెంటు తక్కువ తాగుతుంది, ధరా తక్కువే, కానీ దానికీ డిస్కు లేదు. వంద జీబీ గేమ్ దించుకోగల నెట్ ఇంట్లో ఉంటేనే దాని వైపు చూడాలి.

టీవీ మనదే, పెట్టె మనది కాదు
షావోమీ టీవీలు తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో తయారవుతాయని 2018లో ప్రకటించారు. ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ తెరల ఫ్యాక్టరీ వచ్చింది. ప్లేస్టేషన్ మాత్రం ఓడ దిగి రావాల్సిందే. ఇంట్లో 32 అంగుళాల టీవీయే ఉంటే 4కే బొమ్మ కోసం ఎక్కువ పెట్టడం దండగ.

స్టిక్కర్ చూశారా?
2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం దిగుమతి వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు నంబరు ఉండాలి. తిరుపతివాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు, చిత్తూరువాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి తక్కువకు తెస్తుంటారు. పెట్టె మీద ఆ స్టిక్కర్ లేకపోతే వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. నింటెండో స్విచ్‌ను కంపెనీ మన దేశంలో అధికారికంగా విడుదలే చేయలేదు.

నాలుగువందల మారియోలు
‘400 ఇన్ 1’ అని అమ్మే చేతి గేమ్‌లో అవే గేములు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. కానీ అందులో వేసేది పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ తరహా బ్యాటరీ. పోతే సెల్ షాపులో ఇంకోటి దొరుకుతుంది. చిన్న పిల్లలకు ఇది చాలు.

ఈ కథనం తీర్పు ఇదీ. టీవీ ముందు ఇంటిల్లిపాదీ ఆడాలంటే డిస్కు ఉన్న పీఎస్5 స్లిమ్. హాస్టల్ పిల్లలకు చేతి కన్సోల్ నయం, స్టిక్కర్ ఉంటేనే. ఏదైనా సరే, సెలవుల తొందరలో మేలో కొనకండి. పండుగ సీజన్‌లో సోనీ ధర తగ్గించిన సందర్భాలున్నాయి, అప్పటికి ఎండా తగ్గుతుంది. దసరా దాకా ఆగండి.