అటకమీది పెట్టె

ఏడాదికొకమారు మాత్రమే తెఱవబడు పెట్టెలు కొన్ని యిండ్లలో నుండును. మన తెలుగునాట బొమ్మలకొలువు పెట్టువారు సంక్రాంతికో దసరాకో అటకమీదనుండి దించు పెట్టె యట్టిది. కొండపల్లి అంబారీయేనుగు, తలయూపు ముసలివాడు, అమ్మమ్మ చిన్ననాటి లక్కపిడతలు అందుండి వెలుపలికి వచ్చును. అంగడిలో క్రొత్తబొమ్మ లెన్ని కొన్నను ఆ పాతబొమ్మలు లేనిదే కొలువు నిండినట్లు తోచదు. ఐరోపా, అమెరికా ఖండములలోని క్రైస్తవ గృహములందు డిసెంబరు మాసమున దించు పెట్టెయు నిట్టిదే. క్రిస్మసు వృక్షమును ఇంట నిలుపు నాచారము జర్మను భాష మాటలాడు సీమలనుండియే లోకమునకు వ్యాపించినది గావున, మనము ముందుగా ఆ సీమలోని పెట్టెనే విప్పి చూతము.

ఆ పెట్టె మొదటినుండియు ఉన్నది కాదు. స్ట్రాస్‌బర్గు నగరమును గూర్చి 1605వ సంవత్సరమున వ్రాయబడిన యొక వృత్తాంతమున, అచటివారు ఇంటిలోపల ఫర్ అను సూదియాకుల చెట్టును నిలిపి, దానికి రంగుకాగితపు గులాబీలను, ఆపిలుపండ్లను, పలుచని అప్పములను, చక్కెర మిఠాయిలను వ్రేలాడదీయుదురని యున్నది. పండుగ ముగియుటతోడనే పండ్లును మిఠాయిలును పిల్లల కడుపులలోనికి పోవును. ఇక దాచుటకు మిగులున దేమి? తినుటకు వీలుగాని యలంకారములు వచ్చిన పిమ్మటనే, ఒక తరమువారు వ్రేలాడదీసిన వస్తువును మఱియొక తరమువారు చేతబట్టుట సాధ్యమైనది.

ఆ మార్పునకు ముఖ్యస్థానము తురింగియా అడవికొండలలోని లౌషా అను గ్రామము. అచట 1597వ సంవత్సరమున గాజుకొలిమి నెలకొల్పబడెను. పండ్లు కొనలేని యొక పేద పనివాడు గాజుతోనే పండ్లు చేసి చెట్టునకు కట్టెనని యొక కథ చెప్పుదురు. కథ యెట్లున్నను, 19వ శతాబ్ది నడుమ నాటికి లౌషాలో గాజుబంతులు తయారగుచుండెను. 1867వ సంవత్సరమున ఆ యూరికి గ్యాసు వచ్చుటతో పని సుకరమయ్యెను. సన్నని గాజుగొట్టమును గ్యాసుమంటలో ఎఱ్ఱబడునట్లు కాల్చి, త్రిప్పుచు, నోటితో నూదుదురు. మంట సమముగను తీవ్రముగను ఉండుటచే బంతి గోడ మిక్కిలి పలుచగ వచ్చును. మెత్తబడిన గాజును అచ్చులో నుంచి యూదినచో ద్రాక్షగుత్తి, పిట్ట, దేవదూత యేర్పడును. పిమ్మట లోపల వెండిద్రావణమును పోసి, వేడినీటిలో ముంచి యాడింపగా, లోపలి గోడకు అద్దమువలె వెండి పట్టును. వెలుపల రంగు పూసి, ఆరబెట్టి, గొట్టపు కొనను త్రుంచి, తీగకొక్కెమున్న మూతను తగిలింతురు.

ఈ పని కర్మాగారమున గాక ఇంటనే జరుగుచుండెడిది. తండ్రి యూదును, తల్లి వెండి పోయును, రంగులద్దును, పిల్లలు మూతలు తగిలించి పెట్టెలలో సర్దుదురు. స్త్రీలు ఆ సరకును పెద్దబుట్టలలో వీపునకెత్తుకొని, కొండదారిన నడచి, సోన్నెబెర్గు పట్టణమునందలి వర్తకుల కొప్పగించి వచ్చెడివారు. చేతికి వచ్చు ప్రతిఫలము స్వల్పము. ఒక యింట మురిపెముగ దాచుకొను బంతివెనుక వేఱొక యింటివారి రాత్రిశ్రమ యున్నదని ఆ బంతిని చూచువారిలో నెందఱికి తెలియునో!

లౌషా బంతులు సముద్రము దాటుటకు ఎంతోకాలము పట్టలేదు. అమెరికా వర్తకుడు వుల్‌వర్తు 1880వ సంవత్సర ప్రాంతమున ఇరువదియైదు డాలర్ల సరకును అయిష్టముగనే కొనెనట. అది రెండు దినములలో నమ్ముడు వోగా ఆతడే ఆశ్చర్యపడెను. తరువాతి యేండ్లలో జర్మనీకి స్వయముగ పోయి లెక్కకు మిక్కిలిగ కొని తెచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము 1939లో ఆరంభమై జర్మను సరకు నిలిచిపోగా, విద్యుద్దీపపు బల్బులు చేయు యంత్రములతోనే అమెరికావారు ఈ బంతులను చేయసాగిరి. యుద్ధకాలమున వెండియు లోహమును దుర్లభమయ్యెను. అందుచే ఆనాటి బంతులకు లోపల వెండిపూత లేదు; పారదర్శకమైన గాజుపై రంగుచారలు మాత్రముండును; లోహపుమూతకు బదులు అట్టమూత యుండును. ఇప్పటికిని కొన్ని కుటుంబములవారు వెలవెలబోయిన ఆ బంతిని పాఱవేయక, తళుకుబంతుల నడుమనే కట్టుదురు. యుద్ధమునకు పోయిన తాత యింటలేని క్రిస్మసునాడు కొన్న బంతి యైనచో, దానిని పాఱవేయుటకు చేయి వచ్చునా?

గాజు మాత్రమే పెట్టెలో నుండునని తలంపరాదు. గడ్డిపోచలతో కట్టిన నక్షత్రములు, బంగరురంగు పూసిన అక్రోటుకాయలు, అయిదేండ్ల పిల్లవాడు కత్తిరించిన వంకరకాగితపు దేవదూత – ఇవన్నియు నుండును. ఆ పిల్లవాడు పెరిగి గడ్డము పెంచి వచ్చినను తల్లి ఆ దేవదూతను అందఱకును కనబడుచోటనే కట్టును. ఆతడు సిగ్గుపడి వెనుకకు త్రిప్పును.

బడిలో పుట్టిన యొక నక్షత్రమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలయును. జర్మనీలో మొరావియను సంఘమువారు నీస్కీ మొదలగు చోట్ల వసతిపాఠశాలలు నడపిరి. మతప్రచారమునకై తలిదండ్రులు దూరదేశములకు పోగా అచట విడువబడిన పిల్లలు పెక్కుమంది. 19వ శతాబ్ది తొలిభాగమున అచటి యుపాధ్యాయులు క్షేత్రగణితాభ్యాసముగ వారిచే కాగితపునక్షత్రము చేయించిరి. 18 చతురస్రములును 8 సమబాహు త్రిభుజములును గల ఘనరూపమును మీరు ఊహింపుడు. ఒక చతురస్రమును దీపముంచి వ్రేలాడదీయుటకు విడిచి, తక్కిన ప్రతిముఖముపైనను ఒక్కొక్క కోణపుకొమ్ము నంటించినచో 17 నాలుగుపలకల కొమ్ములు, 8 మూడుపలకల కొమ్ములు, వెరసి 25 కొమ్ముల నక్షత్రము వచ్చును. హెర్న్‌హూటు నక్షత్రమని నేడు దీనికి పేరు. ఇంటికి దూరమైన పిల్లలు తమ చేతులతో చేసినది ఇతరుల యిండ్ల వాకిళ్లలో వెలుగుచున్నది.

మన తెలుగు క్రైస్తవుల యిండ్లలోను వెదురుబద్దలకు రంగుకాగిత మంటించి, లోపల దీపముంచి, నక్షత్రమును ఎత్తుగ కట్టుదురు. కాగితము నిలువదు, కాని బద్దల చట్రమును దాచి మరుసటియేట క్రొత్తకాగితము నంటింతురు. పశువులపాకలోని మట్టిబొమ్మలకు ఆయువు హెచ్చు. కొమ్ము విరిగిన యెద్దునకు కూడ గడ్డిలో చోటు దొరకును. విరిగిన ప్రక్కను గోడవైపునకు త్రిప్పి నిలిపిన చాలును.

జర్మనీలో పెక్కుచోట్ల జనవరి 6వ తేదీ పర్వము ముగిసినపిదప చెట్టును తీసివేయుదురు. కట్టుటకంటె విప్పుటయే కష్టము. పూర్వము చెట్టునిండ వ్రేలాడు తళుకుపోగులను ముసలివారు ఒక్కొక్కటిగ తీసి, వ్రేళ్లతో సాపుచేసి, మరుసటియేటికై కాగితములో మడిచి యుంచెడివారు. బంతులను పాతపత్రికలలో చుట్టి పెట్టెలో సర్దుదురు. ఆ చుట్టుకాగితములును మారక యేండ్లతరబడి అందే యుండిపోవును. మరల డిసెంబరులో పెట్టె తెఱచినప్పుడు పిల్లలు బంతిని ప్రక్కనుంచి, దానిని చుట్టిన కాగితముపై ముత్తాతనాటి వార్తలను చదువుచు నేలపై కూర్చుండిపోవుదురు. నిచ్చెనమీదివారు చేయి చాచి పిలుచుచునే యుందురు.