కాకుల తర్వాత సారెపతు

హైదరాబాద్ గోల్కొండ చౌరస్తా దగ్గర ‘హెబ్రోను’ అనే క్రైస్తవ సంఘం ఉంది. అక్కడ ఆదివారం ఆరాధన గడియారం చూసుకుని నడిచేది కాదు. పొద్దున మొదలైతే మధ్యాహ్నం దాటాల్సిందే. చాపల మీద కూర్చుని పాడినవాళ్లే, కన్నీళ్లతో ప్రార్థించినవాళ్లే ఆ తర్వాత బంతులు తీరి భోజనానికి కూర్చుంటారు. విశ్వాసులు దాన్ని ‘ప్రేమ విందు’ అంటారు. సువార్తికుడు బక్త్‌సింగ్ 1950లో ఈ సహవాసాన్ని మొదలుపెట్టిన నాటికి మన ఊళ్లలో ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో కులమే తేల్చేది. అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు పక్కపక్కనే తిన్న ఆ అన్నం ప్రసంగం కన్నా తొందరగా అర్థమై ఉంటుంది.

ఏటా రోజుల తరబడి జరిగే పెద్ద కూటాల్లో వేలమందికి వండి వడ్డించేవారు. అంతమందికి అన్నం ఎక్కడిది? చందా పుస్తకం పట్టుకుని ఎవరూ గడపగడపకూ తిరగలేదు. అవసరం దేవునికే చెప్పుకోవాలి, మనుషుల ముందు నోరు తెరవకూడదు అన్నది బక్త్‌సింగ్ పెట్టుకున్న నియమం. మనిషిని అడగనన్న ఆయనే వారం వారం మనుషుల మధ్య కూర్చుని, మనుషులు తెచ్చిన బియ్యంతో వండినదే తిన్నాడు.

ఈ నియమానికి ఆయన ఇచ్చుకున్న వెల తక్కువది కాదు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. లండన్‌లో చదివాడు, ఆపైన కెనడా వెళ్లాడు. విన్నిపెగ్‌లో జాన్, ఈడిత్ హేవర్డ్ దంపతులు ఆయన్ను తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆయన బైబిలు చదువు సాగింది వాళ్ల నీడలోనే. 1932లో బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడు ఓడ దిగేసరికి తల్లిదండ్రులు బొంబాయి వచ్చి ఉన్నారు. నమ్మితే నమ్ముకో, బయటికి మాత్రం చెప్పకు, వంశం పరువు నిలబెట్టు అని బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. కన్నవాళ్లు వెనుదిరిగారు. ఆస్తి మీద హక్కు కూడా ఆయన అప్పటికే వదులుకున్నాడు. ఒక ఇల్లు ఆయన్ను దేవుని దగ్గరికి నడిపిస్తే, ఆ దేవుని కోసమే ఇంకో ఇల్లు పోయింది. ఆ తర్వాత కట్టిన సంఘాల్లో ఇన్ని చాపలు, ఇన్ని విస్తళ్లు ఎందుకున్నాయో ఇక్కడి నుంచి చూస్తే కొంత తెలుస్తుంది.

ఎవరినీ అడగని ఈ పద్ధతికి ఆయనకన్నా వందేళ్ల ముందే ఇంగ్లండులో పేరుమోసిన మనిషి ఒకడున్నాడు. ప్రష్యాలో పుట్టిన జార్జ్ ముల్లర్ 1830లో టిన్‌మత్‌లో సంఘకాపరిగా ఉంటూ జీతం వద్దన్నాడు. ఆ ఏడే మేరీ గ్రోవ్స్‌ను పెళ్లాడాడు. 1836లో బ్రిస్టల్‌లో అనాథలకు ఇల్లు తెరిచాడు. 1870 నాటికి అవి అయిదు పెద్ద భవనాలయ్యాయి. రెండువేలకు పైగా పిల్లలకు అక్కడ చోటుండేది. 1898లో ఆయన పోయేనాటికి ఆ నీడన పెరిగినవాళ్లు పదివేలు దాటారు. ఇంతా చేసి ఒక్కరినీ పైసా అడగలేదంటారు.

మరి ఏటా నివేదిక అచ్చువేసి పంచాడు కదా, అది అడగడం కాదా అని గడుసువాళ్లు అప్పుడే అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ముల్లర్‌కూ ఆ ముల్లు గుచ్చుకున్నట్టుంది. 1841 చివర్లో పెట్టెలో డబ్బు అడుగంటింది. సరిగ్గా అప్పుడే నివేదిక ప్రచురణను, సభను ఆయన వాయిదా వేశాడు. ఇప్పుడు లెక్క చెబితే జాలిపడి ఇస్తారని ఆయన జంకు. అవసరం దాచడంలో ఇంత పట్టుదల చూపినవాడు మనుషులను మాత్రం దూరం పెట్టలేదు. హెన్రీ క్రెయిక్ అనే స్నేహితుడితో కలిసి ఏళ్ల తరబడి ఒకే సంఘాన్ని కాచాడు. 1870లో మేరీ చనిపోతే సమాధి కూటంలో ప్రసంగం తానే చేశాడు.

మేరీకి అన్నయ్య ఆంథనీ నోరిస్ గ్రోవ్స్‌ది మరో దారి. ఆ దారి మన చిత్తూరు దాకా వచ్చింది. ఎక్సెటర్‌లో పేరున్న పళ్ల డాక్టరు, రాబడి వదిలి కుటుంబంతో బాగ్దాద్ వెళ్లాడు. 1831 ప్లేగు ఆయన భార్యను తీసుకుపోయింది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలను వెంటబెట్టుకుని భారతదేశానికి వచ్చాడు. వాళ్లు నరసాపురం చేరి గోదావరి డెల్టాలో తెలుగు నేర్చుకుని స్థిరపడ్డారు. గ్రోవ్స్ చిత్తూరులో భూమి పట్టి వ్యవసాయం పెట్టాడు. పని చేస్తూ సువార్త చెబుదామని, ఎవరికీ భారం కాకూడదని ఆయన ఉద్దేశం. పంట కన్నా అప్పు ఎక్కువ పండింది. ఎవరికీ ఏమీ అచ్చియుండకూడదని నమ్మే బృందంలోని మనిషికి అప్పులవాళ్ల ముఖం చూడాల్సి రావడం ఎంత నరకమో! చివరికి 1853లో ఆయన కన్నుమూసింది ఆ బావమరిది ముల్లర్ ఇంట్లోనే. ఎవరికీ భారం కాకూడదనుకున్నవాడు ఆఖరి రోజుల్లో చెల్లెలి ఇల్లు చేరాడు.

తెలుగు సంఘాల్లో ‘నాకు దేవుడున్నాడు’ అన్న మాట రెండు గొంతుల్లో వినిపిస్తుంది. మొగుడు పోయి, పిల్లలు పట్టించుకోని ముసలమ్మ అన్నప్పుడు అది ఊతకర్ర. అన్నదమ్ములతో మాటలు మానేసిన పెద్దమనిషి అన్నప్పుడు అది తలుపు గొళ్లెం. ఆసుపత్రిలో ఉన్నవాడి కోసం వాట్సాప్‌లో ‘ప్రార్థిస్తున్నాం’ అని పెట్టడం నిమిషం పని. రాత్రి వార్డులో కూర్చోడానికి మనిషి కావాలన్నప్పుడే ఆ గ్రూపులో మౌనం. ప్రార్థన విన్నపం చెప్పడానికి మొహమాటం లేనివాళ్లు కూడా ‘అక్కా, రేపు నాతో రాగలవా?’ అనడానికి నామోషీ పడతారు.

మనిషిని నమ్ముకోవద్దని యిర్మీయా గ్రంథం హెచ్చరించిన మాట నిజమే. దాన్ని పట్టుకుని చేసిన ప్రసంగాలూ లెక్కలేనన్ని. ఏలీయాకు కెరీతు వాగు దగ్గర కాకులు రొట్టె, మాంసం తెచ్చిన కథ ఆదివారం బడి పిల్లలకూ కంఠతా వచ్చు. అదే అధ్యాయంలో వాగు ఎండిపోతుంది. అప్పుడు దేవుడు ఇంకో వాగు చూపించలేదు, సారెపతు పొమ్మన్నాడు. అక్కడ ఒక విధవరాలి దగ్గర మిగిలింది పిడికెడు పిండి, కొంచెం నూనె. ప్రవక్త ఆమెను నోరు తెరిచి నీళ్లడిగాడు, రొట్టె అడిగాడు. కాకుల దగ్గర తినడానికి సిగ్గు అక్కర్లేదు. కొడుకుతో కలిసి ఆఖరి ముద్ద తిని చావడానికి సిద్ధమైన తల్లి దగ్గర చెయ్యి చాచడానికి ఎంత గుండె కావాలో! ముల్లర్ నియమం గొప్పదే కానీ ఏలీయాకు అది వర్తించలేదు.

పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర చూడండి. చెరలో ఉన్నాడు, దేమా వదిలిపోయాడు, లూకా ఒక్కడే మిగిలాడు. త్వరగా రమ్మంటాడు. మార్కును వెంటబెట్టుకు రమ్మంటాడు. త్రోయలో కర్పు ఇంట్లో ఉండిపోయిన అంగీ, పుస్తకాలు తెమ్మంటాడు. విచారణలో అందరూ విడిచిపోయినా ప్రభువు తన పక్కన నిలబడ్డాడని రాసింది కూడా ఆ అధ్యాయంలోనే. అది రాసిన నాలుగైదు వాక్యాలకే తిమోతికి మళ్లీ గుర్తుచేస్తాడు, చలికాలం రాకముందే బయల్దేరమని.