రుబ్బిన పిండి నుంచి పెన్సిలిన్ ట్యాంకు దాకా

రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగుతుంది. చలికాలంలో అదే పిండి ఉదయం తొమ్మిదైనా కదలదు. ఎండాకాలంలో కాస్త ఆలస్యమైతే నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. ఇందులో మనం చేసేది నానబెట్టి రుబ్బడం, ఉప్పు కలిపి మూత పెట్టడం మాత్రమే. మిగతా పనంతా కంటికి కనిపించని బ్యాక్టీరియా చేస్తుంది.

కూల్‌డ్రింక్‌లోని పులుపు, పిజ్జా మీది చీజ్, మధుమేహ రోగులు తీసుకునే ఇన్సులిన్, జ్వరానికి డాక్టరు రాసే అమాక్సిసిలిన్ వెనక కూడా ఇలాంటి పనే ఉంది. కొన్నింటిని బ్యాక్టీరియా చేస్తుంది, కొన్నింటిని శిలీంధ్రాలు చేస్తాయి. బూజులు, ఈస్ట్, పుట్టగొడుగులు అన్నీ శిలీంధ్రాలే. ఏ సూక్ష్మజీవీ మన కోసం పనిచేయదు. అది తన బతుకు కోసం ఏదో ఒకటి తయారుచేసుకుంటుంది. దాన్ని మన అవసరానికి సరిపడా చేయించుకోవడమే ఈ పరిశ్రమ మొత్తం. అందుకే ఇక్కడ అసలు ప్రశ్న ‘తయారవుతుందా?’ అన్నది కాదు, ‘ఎంత తయారవుతుంది?’ అన్నది.

గిన్నెలో ఏం జరుగుతుంది?

ఇడ్లీ పిండికి మనం విడిగా తోడు వేయం. మినప్పప్పు, బియ్యపు రవ్వలతో పాటు వచ్చిన బ్యాక్టీరియాయే పని మొదలుపెడుతుంది. వాటిలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడెస్. ఇది పిండిలోని చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లాన్ని, కొద్దిగా ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తుంది. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు వస్తాయి. ఈ ప్రక్రియనే శాస్త్ర పరిభాషలో కిణ్వనం అంటారు.

వాయువు పుట్టినంత మాత్రాన పిండి పొంగదు, అది లోపలే నిలవాలి. మినప్పప్పులోని జిగురు పదార్థం, మాంసకృత్తులు కలిసి బుడగల చుట్టూ పొరలా ఏర్పడి వాయువును పట్టి ఉంచుతాయి. బియ్యప్పిండి ఒక్కదానినే పులియబెడితే పుల్లబడుతుంది కానీ ఇడ్లీ అంత మెత్తగా ఉబ్బదు. కారణం ఇదే.

పులుపు వల్ల ఇంకో లాభం ఉంది. ఆమ్లం పెరిగేకొద్దీ ఆహారాన్ని పాడుచేసే చాలా రకాల బ్యాక్టీరియా అందులో ఎదగలేదు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా తన పోటీదారులను ఇలా అణచివేస్తుంది. ఆ పోటీ ఫలితమే మనకు రుచిగా అందుతోంది. అయితే ఇడ్లీని ఆవిరి మీద ఉడికించేటప్పుడు ఈ బ్యాక్టీరియా దాదాపు అంతా చనిపోతుంది. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే పెరుగు తినాలి.

పెరుగుకైతే మనం తోడు వేస్తాం. గోరువెచ్చని పాలలో చెంచాడు పాత పెరుగు కలపడమంటే కావలసిన బ్యాక్టీరియాను ముందే పెద్ద సంఖ్యలో దించడం. ఇక వేరేవాటికి చోటు దొరకదు. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, మరీ చల్లగా ఉంటే పెరుగు తోడుకోదు. సరైన జీవి, తగిన ఆహారం, తగిన వేడి, పోటీదారులు రాకుండా జాగ్రత్త. లక్ష లీటర్ల ట్యాంకు ముందు నిలబడే ఇంజినీరు చూసుకునేవీ ఈ నాలుగే. దానికి తోడు ఇంకొకటి ఉంది, గాలి. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఉల్లిపాయ మీది నల్లబూజు

ఉల్లిపాయ పొరల మధ్య నల్లటి పొడి కనిపిస్తే విసుక్కుని కడిగేస్తాం. అది చాలావరకు ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు. జామ్‌లు, శీతల పానీయాల లేబుళ్ల మీద ‘330’ అనే సంఖ్యతో కనిపించే సిట్రిక్ ఆమ్లాన్ని ప్రపంచమంతటా ప్రధానంగా ఈ జాతి బూజుతోనే తయారుచేస్తారు.

ఒకప్పుడు సిట్రిక్ ఆమ్లం నిమ్మపండ్ల నుంచే వచ్చేది, ఇటలీ దానికి ప్రధాన కేంద్రం. 1917లో అమెరికా ఆహార రసాయన శాస్త్రవేత్త జేమ్స్ కర్రీ ఒక సంగతి గమనించాడు. ఈ బూజుకు చక్కెర బాగా ఎక్కువగా ఇచ్చి, ద్రవాన్ని పుల్లగా ఉంచితే అది సిట్రిక్ ఆమ్లాన్ని పెద్ద మొత్తంలో బయటికి వదులుతోంది. రెండేళ్లలోనే ఫైజర్ సంస్థ దీన్ని పారిశ్రామిక స్థాయికి తీసుకెళ్లింది.

నిజానికి ఆక్సిజన్‌తో శక్తిని పొందే జీవకణాలన్నింటిలోనూ, మన శరీరంలోనూ, సిట్రిక్ ఆమ్లం తయారవుతూనే ఉంటుంది. అయితే అది శక్తి ఉత్పత్తిలో ఒక మధ్య మజిలీ మాత్రమే, తయారైన వెంటనే ఖర్చవుతుంది. చక్కెర అతిగా ఉండి, మాంగనీసు వంటి లోహాలు అతి స్వల్పంగా ఉన్నప్పుడు ఈ బూజు కణాల్లో ఆ లెక్క తప్పుతుంది. ఖర్చుకు మించి తయారైన ఆమ్లం బయటికి వచ్చేస్తుంది. ద్రవంలో మాంగనీసు కాస్త ఎక్కువైనా దిగుబడి పడిపోతుంది. కనుక ట్యాంకులో ఏం వేయాలన్నది ఎంత ముఖ్యమో, ఏం ఉండకూడదన్నదీ అంతే ముఖ్యం.

అలాగని ఇంట్లో కనిపించే బూజు మంచిదని అనుకోకూడదు. పరిశ్రమలో వాడేవి హాని లేదని పరీక్షించి ఎంపిక చేసిన రకాలు. అదే కుటుంబానికి చెందిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, తడి తగిలిన వేరుశనగ, మొక్కజొన్న గింజల మీద పెరిగి కాలేయానికి ప్రమాదకరమైన అఫ్లాటాక్సిన్‌ను తయారుచేస్తుంది. బూజు పట్టిన పల్లీలను ఏరి పారేయాలి, వేయించి తినేద్దామనుకోకూడదు. మామూలు వేపుడుకు ఆ విషం పూర్తిగా పోదు.

ఒక రోగి, కొన్ని గ్రాముల మందు

‘ఎంత?’ అనే ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం 1941 నాటిది. పెన్సిలియం బూజు చుట్టూ బ్యాక్టీరియా చనిపోవడాన్ని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లోనే చూశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ ఆ పదార్థాన్ని వేరుచేసి మందుగా మలిచారు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు తొలిసారి చికిత్స చేశారు. ఇన్ఫెక్షన్‌తో కన్ను కూడా కోల్పోయిన ఆయన, మందు పడగానే కొద్ది రోజుల్లో తేరుకున్నాడు. కానీ మందు నిల్వ అయిపోయింది. ఆయన మూత్రం నుంచి పెన్సిలిన్‌ను తిరిగి వేరుచేసి మళ్లీ ఎక్కించారు. అదీ చాలలేదు. మార్చిలో ఆయన కన్నుమూశాడు. మందు పనిచేసింది, బూజు ఇచ్చినది చాలలేదు.

ఆ కొరత తీర్చడానికి పరిశోధన అమెరికాకు చేరింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా ప్రయోగశాలలో, మొక్కజొన్న నుంచి గంజిపొడి తీసే పరిశ్రమల్లో మిగిలిపోయే ద్రవాన్ని బూజుకు ఆహారంగా ఇస్తే దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. 1943లో ఆ ఊరి మార్కెట్లో దొరికిన ఒక బూజు పట్టిన కర్బూజా పండు మీద అంతకంటే మెరుగైన రకం దొరికింది. ఎక్స్‌రేలు, అతినీలలోహిత కిరణాలతో దాని జన్యువుల్లో మార్పులు కలిగించి, పుట్టిన వేల రకాల్లో ఎక్కువ ఇచ్చేవాటిని ఏరుకుంటూ పోయారు. మంచి విత్తనం ఎంచుకుంటూ పోయే రైతు చేసే పనే ఇది. నేటి పారిశ్రామిక రకాలు ఫ్లెమింగ్ నాటి బూజు కంటే వేల రెట్లు ఎక్కువ పెన్సిలిన్ ఇస్తున్నాయి.

యాంటీబయాటిక్స్ వేటలో తెలుగువారి పేరూ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన విభాగంలోనే బెంజమిన్ డుగ్గర్ మట్టి నమూనాల్లో ఒక బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌ను గుర్తించాడు. చూడటానికి బూజులా ఉన్నా అది బ్యాక్టీరియా. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. సుబ్బారావు గౌరవార్థం ఒక శిలీంధ్రానికి ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టారు.

అరువు తెచ్చిన జన్యువు

కొన్నిసార్లు మనకు కావలసింది ఏ సూక్ష్మజీవీ సహజంగా తయారుచేయదు. ఇన్సులిన్‌ను ఒకప్పుడు పందులు, పశువుల క్లోమగ్రంథుల నుంచి తీసేవారు. మానవ ఇన్సులిన్ జన్యు సమాచారాన్ని ఇ.కోలి బ్యాక్టీరియాలో చేర్చి తయారుచేసిన ఇన్సులిన్ 1982లో మార్కెట్లోకి వచ్చింది. పాలను గడ్డకట్టించి చీజ్ చేయడానికి వాడే కైమోసిన్ ఎంజైమ్ కూడా లేగదూడల పొట్ట నుంచి వచ్చేది. దాని జన్యువును సూక్ష్మజీవుల్లో పెట్టి చేసిన ఎంజైమ్‌కు 1990లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ ఎంజైమ్‌తో చేసిన చీజ్‌కు దూడను చంపనక్కర్లేదు. మన పనీర్‌కు ఈ సమస్యే లేదు, దాన్ని నిమ్మరసంతోనో సిట్రిక్ ఆమ్లంతోనో విరగ్గొడతాం.

గిన్నె పెద్దదైతే కష్టాలూ పెద్దవే

ఇడ్లీ పిండికి గాలి అక్కర్లేదు. పెన్సిలిన్ బూజుకు గాలి లేకపోతే క్షణం గడవదు. లీటరు నీటిలో కరిగేది ఏడెనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే, బూజు దాన్ని చూస్తుండగానే వాడేస్తుంది. అందుకే ట్యాంకు అడుగు నుంచి శుద్ధిచేసిన గాలిని ఆపకుండా పంపుతూ, పెద్ద రెక్కలతో కలియబెడుతూ ఉండాలి. జీవులు పెరిగేటప్పుడు వేడి పుడుతుంది. గిన్నెలో అది గాలిలోకి పోతుంది, లక్ష లీటర్లలో ఎటూ పోలేదు. చల్లటి నీటి గొట్టాలతో దాన్ని లాగేయాలి. వీటన్నింటికీ రాత్రింబవళ్లు కరెంటు కావాలి.

తోడు వేయడం కూడా మెట్లుమెట్లుగా సాగుతుంది. గడ్డకట్టించి దాచిన చిన్న సీసా నుంచి ఫ్లాస్కుకు, అక్కడి నుంచి చిన్న ట్యాంకుకు, ఆపై పెద్ద ట్యాంకుకు. ఎక్కడైనా ఒక్క పరాయి బ్యాక్టీరియా దూరితే అది బూజు కంటే వేగంగా పెరిగి మొత్తం ద్రవాన్ని పాడుచేస్తుంది. అందుకే ట్యాంకును, ఆహార ద్రవాన్ని ముందుగా ఆవిరితో క్రిమిరహితం చేస్తారు.

చక్కెర ఇవ్వడంలోనూ కిటుకు ఉంది. కడుపునిండా గ్లూకోజ్ దొరికితే బూజు పెరగడం మీదే దృష్టి పెడుతుంది, పెన్సిలిన్ జోలికి పోదు. కనుక ముందు పెరగనిచ్చి, తర్వాత చక్కెరను కొద్దికొద్దిగా అందిస్తూ రోజుల తరబడి అర్ధాకలితో ఉంచుతారు. పెన్సిలిన్ వచ్చేది అప్పుడే.

పింప్రి నుంచి కాకినాడకు

ఇదంతా మన దేశానికి కొత్త విద్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సహకారంతో 1954లో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడి, మరుసటి ఏడాదే పెన్సిలిన్ తయారీ మొదలుపెట్టింది. తర్వాత ప్రైవేటు సంస్థలూ వచ్చాయి. కానీ 1990ల తర్వాత చైనా నుంచి చవకగా దిగుమతులు రావడంతో ఇక్కడి పెన్సిలిన్-జి కర్మాగారాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మాత్రలు మనం చేస్తున్నా, వాటి మూలపదార్థం బయటి నుంచి రావలసి వచ్చింది.

పెన్సిలిన్-జి అంత కీలకం ఎందుకంటే, దాన్ని ఒక బ్యాక్టీరియా ఎంజైమ్‌తో కత్తిరిస్తే 6-ఏపీఏ అనే పదార్థం వస్తుంది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ రెండూ దాని నుంచే తయారవుతాయి. బూజు తడబడితే అమాక్సిసిలిన్ మాత్ర కూడా ఆగుతుంది. రసాయన చర్యలతో చేసే మందులకు మన దగ్గర నైపుణ్యం దండిగా ఉన్నా, కిణ్వనంతో చేసే మందులకు మేలైన బూజు రకం, చవక చక్కెర, నమ్మకమైన విద్యుత్తు మూడూ ఒకేచోట కుదరాలి. ఒకసారి ఆపేస్తే రకాలూ, వాటిని పెంచే చేతులూ కూడా చెదిరిపోతాయి.

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకంలో పెన్సిలిన్-జిని చేర్చింది ఇందుకే. దాని కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ జిల్లాలో నెలకొల్పిన కర్మాగారం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. దాని సామర్థ్యం ఏడాదికి 15,000 టన్నులు. సామర్థ్యం ఉన్నంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. చవకైన దిగుమతులను తట్టుకుని నిలబడాలంటే లీటరుకు వచ్చే దిగుబడే చివరికి తీర్పు చెబుతుంది.

ఇంకో బాధ్యత కూడా ఉంది. పెన్సిలిన్ తీసేశాక టన్నుల కొద్దీ బూజు మిగులుతుంది. అందులో మందు అవశేషాలు ఉండవచ్చు. వాటిని శుద్ధి చేయకుండా నేలలోకి, నీటిలోకి వదిలితే అక్కడి బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం, రెండు రోజులు వాడి మానేయడం వల్ల జరిగేదీ అదే. 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ ఫ్లెమింగ్ ఇదే హెచ్చరిక చేశాడు.

రేపు ఉదయం ఇడ్లీ పిండి మూత తీసినప్పుడు ఆ బుడగలను ఒకసారి గమనించండి. కాకినాడలోని ట్యాంకుకూ, మన వంటింటి గిన్నెకూ తేడా పరిమాణంలోనే. రెండుచోట్లా పని చేసేది సూక్ష్మజీవే. దాని చేత ఎంత చేయించుకోగలమన్నది మన శ్రద్ధను బట్టి ఉంటుంది.