కుంగేది వంతెన కాదు, కట్ట

రైలు వంతెన చివరి గోడను అబట్‌మెంట్ అంటారు. అది దాటగానే మట్టికట్ట మొదలవుతుంది. అబట్‌మెంట్ పునాది రాతి మీదో, లోతుగా దించిన పైల్స్ మీదో నిలుస్తుంది కాబట్టి దాదాపు కదలదు. కట్ట మాత్రం తన బరువుకే ఏళ్ల తరబడి అణుగుతూ ఉంటుంది. అడుగున మెత్తని బంకమన్ను ఉంటే, అందులోని నీరు మెల్లగా బయటికి పోయేకొద్దీ ఇంకా దిగుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల తీరప్రాంతాల్లో ఇలాంటి నేలే ఎక్కువ. నల్లరేగడి తీరు వేరు: వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది.

అంతా ఒకే మేరకు దిగితే రైలుకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా తేడాతోనే. అబట్‌మెంట్‌ను ఆనుకుని కొద్ది మీటర్ల మేర పట్టాలు పల్లమవుతాయి. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 30 మీటర్లు సాగుతుంది. 3 మీటర్ల పల్లాన్ని సెకనులో పదో వంతులో దాటేస్తుంది. సరుకు బండి ఇరుసు ఒక్కోటీ 20 టన్నులకు పైగా మోస్తుంది. అంత బరువు ఆ కాస్త వ్యవధిలో దిగి లేస్తుంటే, పట్టా మీది ఒత్తిడి ఒకచోట తగ్గి, మరుక్షణం మామూలు కంటే బాగా పెరుగుతుంది. ఆ దెబ్బలకు కంకర నలుగుతుంది, స్లీపర్ల కింద ఖాళీలు ఏర్పడతాయి. బండి లేనప్పుడు ఆ స్లీపర్లు పట్టాకు వేలాడుతూ ఉంటాయి. పైకి లైను సమంగానే కనబడుతుంది. బరువు పడ్డప్పుడే లోపం బయటపడుతుంది. పల్లం దెబ్బను పెంచుతుంది, దెబ్బ పల్లాన్ని పెంచుతుంది. అందుకే ఒకసారి కంకర కూరినంత మాత్రాన ఆ చోటు కుదురుకోదు.

రెండు పట్టాల్లో ఒక్కటే దిగితే మరింత చేటు. లైను మెలిపడి, బోగీ చక్రాల్లో ఒకదాని మీద భారం తగ్గిపోతుంది. చక్రాన్ని పట్టా మీద నిలిపే అంచు, ఫ్లాంజ్, ఎత్తు సుమారు 3 సెంటీమీటర్లే. తేలికపడిన చక్రాన్ని పక్కకు తోసే బలం తోడైతే, అది పట్టా మీదికెక్కి లైను తప్పుతుంది.

వంతెన స్తంభమే కుంగడం అరుదు. అలా జరిగితే చాలాసార్లు వరదే కారణం: ప్రవాహం పునాది చుట్టూ ఉన్న మన్నును కోసుకుపోతుంది. ఐర్లండ్‌లోని మలహైడ్ వంతెన స్తంభం ఒకటి 2009 ఆగస్టు 21న ఇలా మన్ను కోసుకుపోయే కూలింది. వంతెన దాటుతున్న డ్రైవర్ లైను దిగడం గమనించి కబురు చేయడంతో రాకపోకలు ఆగాయి, ప్రాణాలు దక్కాయి. అప్పటి నల్గొండ జిల్లాలోని వలిగొండ దగ్గర 2005 అక్టోబరు 29న అలా రైలును ముందే ఆపడం జరగలేదు. చిన్న వంతెన దగ్గర వరద లైనును కోసేయడంతో డెల్టా ప్యాసింజర్ పడిపోయి వంద మందికి పైగా మరణించారు.

కొత్త లైన్లలో అబట్‌మెంట్ వెనుక బంకమన్ను కాకుండా రాళ్లు, కంకర నింపి, గోడలో నీరు పోయే రంధ్రాలు ఉంచుతారు. గట్టి చోటుకూ మెత్తని చోటుకూ మధ్య కాంక్రీటు పలక వేస్తారు. మెత్తని నేల మీద ముందే అదనపు మట్టి పోసి, అణిగేదాకా ఆగుతారు. ఇందులో ఆగడమే అసలు పని. గడువు కోసం దాన్ని కుదించిన చోట ఆ తర్వాత ఏళ్ల తరబడి వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది.

వంతెన పక్కన కట్ట జారినా, లైను కింద నీరు కోస్తున్నా, చూసినవారు వెంటనే దగ్గరి స్టేషన్‌కు గానీ, 139 నంబరుకు గానీ చెప్పాలి.