బాటసారి చేతి సొమ్ము

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొంటూ దివ్యఖుర్ఆన్ (తౌబా: 60) చివరగా బాటసారిని ప్రస్తావించింది. స్వగ్రామంలో సంపన్నుడైనా, ప్రయాణంలో చేతి సొమ్ము లేక చిక్కుకున్నవాడు ఆ వేళకు అవసరపరుడేనని ధర్మవేత్తలు వివరించారు. బ్యాంకులో లక్షలున్నా చేతిలో నోటు లేకపోతే పూట గడవని దేశంలో ఈ మాటలోని లోతు బోధపడుతుంది. ఇరాక్ అటువంటి దేశమే.

బాగ్దాద్‌లో ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై), షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మలై) సమాధులున్నాయి. నజఫ్, కర్బలాలకూ మన ప్రాంతం నుండి యాత్రికులు వెళుతుంటారు. అక్కడ పెద్ద హోటళ్ళలో కార్డు చెల్లవచ్చు గాని టాక్సీ, రొట్టెల దుకాణం, బజారు ఇప్పటికీ ప్రధానంగా నగదు మీదే నడుస్తాయి. మనకు అలవాటైన ఫోన్ చెల్లింపులు అక్కడ అక్కరకు రావు.

కనుక ఏర్పాట్లు ఇంటి నుండే మొదలు కావాలి. విదేశీ నోట్లను సాధారణంగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే తీసుకువెళ్ళవచ్చు. ఇరాక్‌కు వెళ్ళేవారికి రిజర్వు బ్యాంకు 5,000 డాలర్ల వరకు అనుమతించింది. అధీకృత సంస్థ వద్దనే కొని రసీదు భద్రపరచుకోవాలి. చిరుగు, రాత, మరక లేని కొత్త నోట్లనే అడిగి తీసుకోవాలి. పాత నోట్లను అక్కడి మారకందారులు తిరస్కరిస్తారు, లేదా ధర తగ్గిస్తారు.

2023 ఫిబ్రవరిలో ఇరాక్ ప్రభుత్వం డాలరుకు 1,300 దినార్ల అధికారిక ధర నిర్ణయించింది. బజారు ధర వేరుగా ఉంటుంది కనుక రెండు మూడు దుకాణాల్లో విచారించడం మేలు. నోట్లు 250 నుండి 50,000 దినార్ల వరకు ఉన్నాయి. బేరంలో “వేలు” అన్న మాటను వదిలేసి “అయిదు” అంటే అది 5,000 కావచ్చు. సున్నాలు సరిచూసుకున్నాకే చెల్లించాలి.

మారకం విషయంలో షరీఅత్ నియమం స్పష్టం. రెండు దేశాల కరెన్సీలను ఉభయులకూ సమ్మతమైన ధరకు మార్చుకోవచ్చు. అయితే ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే పూర్తికావాలి. “డాలర్లు ఇప్పుడివ్వండి, దినార్లు రేపిస్తాం” అనే బేరం ధర్మసమ్మతం కాదు. ఈ నియమం పాటించినవానికి మోసపోయే భయమూ తగ్గుతుంది.

మేము ప్రత్యేకంగా గుర్తుచేయదలచింది మరొకటి. మన కుటుంబాల్లో సొమ్మంతా ఒక్క పురుషుని సంచిలోనే ఉండటం రివాజు. జనసమ్మర్దంలో తప్పిపోయిన తల్లి చేతిలో టాక్సీకి సరిపడా దినార్లు లేకపోతే ఆమె గతి ఏమిటి? కుటుంబంలోని స్త్రీలకు, వృద్ధులకు తలా కొంత సొమ్ము, బస చిరునామా రాసిన కాగితం ఇవ్వాలి. బృందంలో ఒకరికొకరు అప్పిచ్చుకుంటే ఏ కరెన్సీలో తీర్చాలో కూడా రాసుకోవాలి. అప్పును రాతలో ఉంచమని బఖర (282) ఆదేశిస్తోంది. మొహమాటం దానికి అడ్డు కారాదు.

మిగిలిన దినార్లను అక్కడే మార్చుకోవాలి. తిరిగివచ్చాక 2,000 డాలర్లకు మించినది 180 రోజులలోగా అధీకృత సంస్థకు అప్పగించాలి.

యెమన్ నుండి కొందరు దైవంపై భారం వేశామంటూ వట్టి చేతులతో హజ్‌కు వచ్చి, తర్వాత ప్రజలను యాచించేవారు. ప్రయాణ సామగ్రి వెంట తీసుకువెళ్ళాలన్న ఆజ్ఞ (బఖర: 197) ఆ సందర్భంలోనే అవతరించింది. సిద్ధపాటు తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే. మన జాగ్రత్త మనల్ని యాచన నుండి కాపాడాలి. దారిలో చిక్కుకున్న మరొక బాటసారికి చేయూతనిచ్చేంత వెసులుబాటు కూడా మిగల్చాలి.