పాదం పలికితే వినాలి

టీవీ డ్యాన్స్ పోటీల్లో పాట వినిపిస్తుంది. మరి అడుగో?

ఆదివారం కొవ్వూరులో ఏ వీధిలో నడిచినా, తెరిచిన తలుపుల్లోంచి డ్యాన్స్ పోటీ వినిపిస్తుంది. రికార్డు పాట హోరు, జడ్జీల కేకలు, చప్పట్లు. ఆడే పిల్ల కాళ్ల చప్పుడు మాత్రం చెవిన పడదు. కెమెరా ఆమె కాళ్ల మీద రెండు క్షణాలైనా ఆగదు.

ఆ గంట చూడండి

1958 అక్టోబర్ 17న అమెరికాలో ఎన్‌బీసీ ఒక గంట ప్రత్యేక కార్యక్రమం వేసింది. ఆడింది సినిమా నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్, ఆయనకు జతగా బారీ చేజ్. జోనా జోన్స్ జాజ్ బృందం అందులో వాయించింది. ఆ కార్యక్రమానికి 9 ఎమ్మీలు వచ్చాయి. సినిమాల్లోనూ ఆస్టేర్ పట్టు ఒకటే: నర్తకుడు తల నుంచి పాదం దాకా కనిపించాలి, ఆట ముక్కలు కాకూడదు.

ఆస్టేర్ ఆడే ట్యాప్ నృత్యంలో బూటు అడుగున ముందూ వెనకా లోహపు రేకులుంటాయి. నేల తాకితే అదే వాద్యం. ట్యాప్ పుట్టుకలో కన్నీళ్లున్నాయి. 1740లో సౌత్ కరోలినా చట్టం ఆఫ్రికన్ బానిసలకు డోలు వాయించడం నిషేధించింది. చేతికి అందని డోలును వాళ్లు కాళ్లలో దాచుకున్నారు. దానికి ఐరిష్ అడుగులు కలిసి ట్యాప్ అయింది.

మన పళ్లెం, మన మాండలిన్

ఇది మనకు పరాయిదా? కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచున నిలబడుతుంది. నట్టువనారు జతి చెబితే, పళ్లెం జవాబు చెబుతుంది. జాజ్‌లో డ్రమ్మరు నాలుగు ఆవృతాలు వాయించి వదిలితే ట్యాప్ నర్తకుడు అందుకుంటాడు. కర్ణాటక కచేరీ తని ఆవర్తనంలో మృదంగానికీ ఘటానికీ నడిచే సంవాదం లాంటిదే అదీ. కథక్ గురువు చిత్రేశ్ దాస్, ట్యాప్ నర్తకుడు జేసన్ శామ్యూల్స్ స్మిత్ ఒకే వేదికపై గజ్జెకూ బూటుకూ పోటీ పెట్టి, ఆ చుట్టరికాన్ని రుజువు చేశారు.

జాజ్‌తో చెలిమి చేసినవాడు మన జిల్లాలోనే పుట్టాడు. ఉమ్మడి పశ్చిమ గోదావరిలోని పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు పలికించేవాడు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి అతనికి పద్నాలుగేళ్లు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

ఒక్క గంట చాలు

మన ఛానళ్లకు వేదికలున్నాయి, ప్రతిభ గల పిల్లలున్నారు. కావలసినవి మూడే: పక్కన కూర్చుని వాయించే కళాకారులు, వేదిక చెక్క కింద మైకు, పాదాల మీద నిలిచే కెమెరా.

2027లో గోదావరి పుష్కరాలు. ప్రత్యక్ష ప్రసారాల కెమెరాలు కొవ్వూరు గోష్పాద రేవుకూ వస్తాయి. ఒక్క సాయంత్రం అక్కడ వేదిక వేసి తరంగాన్నీ, మాండలిన్‌నూ, ట్యాప్‌నూ కలపండి. రికార్డు పాట ఆపండి. మన పిల్లల అడుగు ఎంత బాగా పలుకుతుందో ఇంటింటా వింటారు.