లక్క పలక నుంచి నెలకో పాట దాకా

మా మనవడికి నెలనెలా తపాలాలో ఒక పలుచటి అట్ట కవరు వస్తుంది. లోపల ఏడంగుళాల రికార్డు. సముద్రాల అవతల, పంక్ అనే పెద్ద మోత రాక్ పాటలు వాయించే బ్యాండు ఒకటి ఏడాది చందా ముందే కట్టించుకుని, కొత్త పాట తయారైనప్పుడల్లా ప్లేటు నొక్కించి చందాదారులకు పంపుతుందట. నల్లగొండ పక్కన పానగల్‌లో ఛాయా సోమేశ్వరుడి గుడికి వచ్చినవాళ్లకు గర్భగుడిలో కదలని నీడ ఎందుకు పడుతుందో స్తంభాలూ వెలుతురూ చూపించి చెప్పే పిల్లవాడు వాడు. ఏదైనా లెక్క తేలితేగాని వదలడు. ‘తాతా, ఇంత దూరం నుంచి ఇది పగలకుండా ఎట్లా వస్తున్నది? మీ కాలం ప్లేట్లు కూడా ఇట్లనే వచ్చేవా?’ అని అడిగాడు. మంచి ప్రశ్న. కూర్చో బిడ్డా, చెప్తాను.

మా కాలపు ప్లేటు చేయి జారితే ముక్కలే. అది లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలను పట్టుకుని రసం పీల్చే చిన్న పురుగు ఉంటుంది. అది తన ఒంటి చుట్టూ స్రవించుకునే బంకే లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో దాన్ని కొమ్మలతో సహా కోసి, గీకి, కరిగించి, వడగట్టేవాళ్లు. ప్రపంచమంతా గ్రామఫోను ప్లేట్లు చేసుకున్న లక్కలో ఎక్కువ భాగం మన దేశానిదే. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క మీద పరిశోధనకే 1924లో ఒక సంస్థ పెట్టారంటే దాని విలువ ఎంతటిదో చూడు.

ప్లేటులో లక్క సుమారు మూడో వంతు. మిగతాదంతా రాతి పొడి, కొంచెం దూది పీచు, నలుపుకు మసి. రాతి పొడి బరువు కోసం కాదు. ఉక్కు ముల్లు గాడిలో నడుస్తూ తానే అరిగి ఆ గాడి ఆకారానికి రావాలి, అందుకు. అందుకే పక్క మార్చినప్పుడల్లా ముల్లు మార్చేవాళ్లు. పదంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగితే మూడు నిమిషాలకు పాట అయిపోతుంది. రాయబారం పద్యాలన్నీ వరసగా వినాలంటే ప్లేట్ల కట్టే కావాలి. అంత బరువున్నదీ, అంత పెళుసుదీ పోస్టు సంచిలో వేస్తే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

చందా కట్టించుకుని ప్లేటు చేయడం మాత్రం మీ పంక్ పిల్లలు కనిపెట్టింది కాదు. 1931లోనే లండన్‌లో మన కుక్క బొమ్మ కంపెనీ హెచ్‌ఎంవీలో వాల్టర్ లెగ్ అనే కుర్రవాడు ఆస్ట్రియా స్వరకర్త హ్యూగో వోల్ఫ్ పాటల కోసం ఒక సొసైటీ పెట్టాడు. 500 మంది ముందుగా డబ్బు కడితేనే రికార్డింగు అన్నాడు. కట్టారు! ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న కొద్దిమందిని ఒక చోట చేర్చి, వాళ్ల డబ్బుతోనే వాళ్లకు కావలసిన పాట పుట్టించడం ఎంత మంచి ఆలోచన! నాకు ఇప్పటికీ ముచ్చటే.

అసలు మలుపు యుద్ధంతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువైంది. అమెరికా సైన్యం దూరదేశాల్లో ఉన్న తన సిపాయిలకు పాటలు పంపాలనుకుంది. 1943లో వి-డిస్క్ పేరుతో వినైల్ ప్లాస్టిక్‌తో ప్లేట్లు చేయించి నెలనెలా పెట్టెల్లో పంపింది. అవి వంగాయిగాని పగలలేదు. యుద్ధం అయ్యాక 1948లో కొలంబియా వాళ్లు నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే తెచ్చారు. మరుసటేడు ఆర్‌సీఏ వాళ్లు 45 చుట్ల ఏడంగుళాల ప్లేటు తెచ్చారు. నీకు వస్తున్నది దాని సంతతే. బరువు నలభై గ్రాములకు అటూ ఇటూ. మన దగ్గర కూడా సినిమా పాటలు నాలుగేసి ఈ సైజులోనే వచ్చేవి. పెళ్లిళ్లలో మైక్ సెట్టు వాళ్ల పెట్టె నిండా ఇవే ఉండేవి.

ఇప్పుడు ఇది పంక్ పాటకు ఎందుకు అంత కుదిరిందో చెప్తాను, ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ప్లేటు ఒక్కో పక్కన ఉన్నది ఒకే గాడి. అంచున మొదలై చుట్టలు చుట్టుకుంటూ నడిమికి పోతుంది. నాగటి చాలు రెండు గట్లూ వంకరలు పోయినట్టు దీని గోడలు అటూ ఇటూ ఊగుతాయి, ఆ ఊగులాటే పాట. మూడు నిమిషాల పాటకు 135 చుట్లు. విప్పి పరిస్తే గాడి దాదాపు 60 మీటర్లు. ఉన్న చోటు మాత్రం మూడు సెంటీమీటర్ల పట్టీ. మోత పెరిగితే ఊగు పెరుగుతుంది, పక్క చుట్టుకు తగలకుండా ఎడం కావాలి. డ్రమ్ము, బేస్ గిటారు లాంటి లోతు శబ్దాలకైతే మరీ ఎక్కువ. అందుకే ప్లేటు చెక్కేటప్పుడు లోతు శబ్దాన్ని తగ్గించి చెక్కుతారు, ఇంట్లో ఆంప్లిఫయరు దాన్ని మళ్లీ పెంచుతుంది. పంక్ పాట రెండు నిమిషాలే అనుకో. 90 చుట్లు చాలు. అదే పట్టీలో చుట్ల మధ్య ఎడం సగానికి సగం పెరిగింది. అంటే అంత గట్టిగా చెక్కవచ్చు. పైగా ఒకే చోట చూస్తే 33⅓ కంటే 45 దగ్గర ముల్లు కింద గాడి మూడో వంతుకు పైగా ఎక్కువ వేగంతో నడుస్తుంది, సన్నటి శబ్దాలు ఇరుకున పడవు. పొట్టి పాట, పెద్ద మోత, చిన్న ప్లేటు.

ఖర్చూ తక్కువే. 1977 జనవరిలో మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బ్యాండు 500 పౌండ్లు అప్పు తెచ్చి, ఏ కంపెనీనీ అడగకుండా నాలుగు పాటల ఏడంగుళాల ప్లేటు తామే వెయ్యి నొక్కించుకుంది. 1988 నవంబరులో సియాటిల్‌లో సబ్ పాప్ అనే రికార్డు కంపెనీ వాళ్లు నెలకో సింగిల్ పంపే చందా క్లబ్బు మొదలుపెట్టారు. ఆ క్లబ్బు మొదటి ప్లేటు నిర్వాణా అనే కొత్త కుర్రాళ్లది, అదీ వెయ్యే.

ఇక మన ఊరి ఎండల సంగతి. వినైల్ పగలదు కానీ అరవై, డెబ్బై డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. మే నెలలో ఇక్కడ నీడలోనే నలభై నాలుగు దాటుతుంది, మూసిన కారులో, రేకు డబ్బాలో ఇంకెంత ఉంటుందో! పోస్టుమన్ తెచ్చిన కవరును వెంటనే లోపలికి తీసుకో. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకు, నిలబెట్టు. ఎండాకాలం పొడి గాలిలో వినైల్‌కు విద్యుదావేశం పట్టి దుమ్మును లాగుతుంది. సెకనుకు పదివేల సార్లు ఊగే సన్నని శబ్దానికి ఒక్కో ఊగు గాడిలో ఆక్రమించేది సుమారు మిల్లీమీటరులో ముప్ఫైమూడో వంతే. అందులో ఒక ధూళి కణం కూర్చుంటే ‘టక్’మంటుంది.

కడగాలంటే బోరు నీళ్లు వద్దు. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడు ఒక్కటే కాదు, సున్నపు లవణాలూ ఎక్కువే. నీళ్లు ఆరిపోతాయి, లవణం గాడిలో మిగిలిపోతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో, మెత్తటి గుడ్డతో గాడి వెంటే తుడువు. అందులో రెండు చుక్కల స్పిరిట్ కలిపినా నీ వినైల్‌కు ఏమీ కాదు. అటక మీద ఉన్న మా ప్లేట్లకు మాత్రం స్పిరిట్ సోకనియ్యకు. వడ్రంగులు పాలిష్ చేసుకునేది లక్కను స్పిరిట్‌లో కరిగించే.